మోల్పాదియా గుళ్లో పంది

గుళ్లో పంది దూరింది.

కళ్లు తెరిచిన క్షణంలో మెలిన్నాకు ఆ సంగతి తెలియదు. లోపల ఏదో భళ్లున పగిలింది, ఆ చప్పుడుకు మెలకువ వచ్చింది, అంతే. కొండమీద ఎండ మండిపోతోంది. గడప పక్కనున్న రాతి అరుగు మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. గోడకు తల ఆనించినట్టు గుర్తుంది. ఆ తరవాత ఏమీ గుర్తులేదు.

కాస్తబోస్ కొండమీది ఈ గుడికి ప్రహరీ లేదు. కత్తులు పట్టుకున్న కావలివాళ్లు లేరు. లోపల వెండి గిన్నెలు, బంగారు కిరీటాలు దుమ్ముకొట్టుకుని వరసగా ఉంటాయి. దండెత్తి వచ్చిన పారసీకులు వాటి జోలికి పోలేదు. సముద్రపు దొంగలు కూడా ఆ కొండ కనిపించగానే తెడ్లు ఆపి దండం పెట్టుకుని పోతారు. దేవతంటే అంత భయం. గుడికున్న కాపలా అల్లా ఒకే ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న అడగడమే మెలిన్నా ఉద్యోగం.

"పందిని తిన్నారా? పందిని ముట్టారా?"

అవునన్నవాళ్లను గడప బయటినుంచే వెనక్కి పంపెయ్యాలి. మొగుడు పోయినప్పటినుంచి ఆమె ఈ ప్రశ్న అడుగుతూనే ఉంది. రోడ్సు దీవి దొరలను అడిగింది, ఎడ్లబండి తోలేవాళ్లను అడిగింది. పందినే అడగాల్సి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

లోపలికి పరుగెత్తింది. నైవేద్యానికని పాలూ తేనే కలిపి పెట్టిన కుండ ముక్కలై ఉంది. నేలమీద తడి లేదు. ఎవరో శుభ్రంగా నాకేశారు. తేనె అంటిన గిట్టల గుర్తులు నిద్రశాల వైపు పోయాయి. రోగులు పడుకుంటే దేవత కలలోకి వచ్చి నయం చేసే చోటు అది. కష్టమైన కాన్పులు తేల్చే చోటు కూడా అదే.

అక్కడ, కొత్తగా పరిచిన గడ్డి మీద, మెలిన్నా స్వయంగా పరిచిన గడ్డి మీద, బూడిదరంగు ఆడపంది ఒకటి పడుకుని రొప్పుతోంది. పక్కన పిల్లలు. మెలిన్నా చూస్తుండగానే ఇంకోటి పడింది.

పంది పురుడు పోసుకుంటోంది.

మెలిన్నాకు ముందు భయం వెయ్యలేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వుకు కారణముంది. ఈ గుళ్లో పందిని ఎందుకు రానివ్వరో ఆ తీరంలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. దేవత ఒకప్పుడు మోల్పాదియా అనే మామూలు పిల్ల. వాళ్ల నాన్న కొత్తగా తీసిన ద్రాక్షసారాకు అక్కచెల్లెళ్లిద్దర్నీ కాపలా పెట్టాడు. ఇద్దరూ కునుకు తీశారు. పందులు దూరి కుండ పగలగొట్టాయి. నాన్న చంపేస్తాడన్న భయంతో ఇద్దరూ కొండ అంచునుంచి సముద్రంలోకి దూకేశారు. అపొల్లో దేవుడు జాలిపడి పట్టుకున్నాడు. మోల్పాదియాను ఇక్కడ దింపి హెమిథేయా అని పేరు మార్చాడు. అంటే సగం దేవత. అందుకే ఆవిడ ముందుకు సారా తేకూడదు, పందిని రానివ్వకూడదు. పాత పేరు ఎత్తితే పూజారి ప్రాతోఫనేస్‌కు ఒళ్లు మండుతుంది. కాపలాలో నిద్రపోయిన పిల్ల పేరుతో గుడి నడపడం ఆయనకు నామోషీ.

ఇప్పుడు ఆ నిద్రపోయిన పిల్ల గుడికి కాపలా ఉన్న మనిషి నిద్రపోయింది. పంది వచ్చింది. కుండ పగిలింది. దూకడానికి కొండ అంచు కూడా దగ్గర్లోనే ఉంది.

"అత్తా! అత్తా!"

కింద మలుపులోంచి అల్లుడు హాగేమోన్ కేక. మెలిన్నా బయటికి పరుగెత్తింది. స్పాంజీలకోసం సముద్రం అడుగుకు మునిగే కుర్రాడు, ఎంతసేపైనా ఊపిరి బిగబట్టగలడు, ఇప్పుడు మాత్రం కొండెక్కలేక ఎగశ్వాస పీలుస్తున్నాడు.

"నికాసోకి నిన్నటినుంచి నొప్పులత్తా. బిడ్డ అడ్డం తిరిగిందంటోంది మంత్రసాని. తనవల్ల కాదంది. డోలీలో తెస్తున్నాం. లోపల పక్క పరిచి ఉంచు."

"పరిచే ఉంది," అంది మెలిన్నా. అది నిజమే. ఎవరు పడుకున్నారన్నది ఆమె చెప్పలేదు.

అతను వెనక్కి డోలీకి ఎదురుపోయాడు. మెలిన్నా గడప దగ్గర నిలబడిపోయింది. నవ్వు ఎప్పుడో ఎగిరిపోయింది.

పంది వచ్చిందని పూజారికి చెబితే గుడి మూసేస్తాడు. ఎప్పుడు తెరుస్తాడో ఆ దేవుడికే తెలియాలి. ఏ గుళ్లో మైల పడినా పందిపిల్లను కోసి దాని రక్తం చల్లి శుద్ధి చేస్తారు. పంది మైలకు ఏం చల్లాలి? అది తేల్చాలంటే డెల్ఫీలో అపొల్లో గుడికి మనిషిని పంపి దేవుణ్ణి అడిగించాలి. ఈలోపు తన కూతురు నికాసో ఏమైపోవాలి?

ఈ వసంతంలో రేవులో పందిమాంసం సాసేజీలు కాల్చి అమ్మేవాడు భార్యను ఇలాగే మోసుకొచ్చాడు. మెలిన్నా ప్రశ్న అడిగింది. ఆ అమ్మాయి నిజం చెప్పింది. మెలిన్నా వెనక్కి పంపింది. ఆ డోలీ కొండ దిగేదాకా కూడా ఆ అమ్మాయి బతకలేదు. మెలిన్నా ఆమె పేరైనా అడగలేదు. అడగడం ఆ ఉద్యోగంలో లేదు.

"అక్కా, కొంచెం మాట."

మెలిన్నా ఉలిక్కిపడి చూసింది. చెవికి రింగు, నడుముకు వంకర కత్తి, చేతిలో టోపీ. గడపకు బాగా దూరంలో ఒద్దికగా నిలబడ్డాడు. క్రీటు దీవి యాస.

"నన్ను కోరాక్స్ అంటారు. కింద రేవులో పడవ మాదే. నీళ్లకోసం ఆగాం. మా పంది ఒకటి దూకి ఇటొచ్చింది. బూడిదరంగుది. నిండు చూలాలు. ఎక్కడైనా కనబడిందా?"

"నీదా ఆ దరిద్రం?"

"నాదేనక్కా. కొన్నాను."

"నువ్వు కొన్నావా?"

కోరాక్స్ తల గోక్కున్నాడు. "సరే, దొరికింది."

"లోపలుంది. ఈనుతోంది. తొందరగా లోపలికెళ్లి ఎత్తుకుపో."

కోరాక్స్ మొహం పాలిపోయింది. రెండడుగులు వెనక్కి వేశాడు. "నేనా? లోపలికా? పొద్దున్నే పందిమాంసం తిన్నానక్కా! ఆ తల్లి ఊరుకుంటుందా?"

"నువ్వు దొంగవి కదయ్యా!"

"దొంగనే. అయితే మాత్రం నీతీ నియమం ఉండవా? గుళ్లు దోచాను, కాదనను. స్నానం చేసి దోచాను. ఈ గుడి వేరు. ఇవాళ కాలు పెడితే రేపు సముద్రం మీద ఎవరు కాపాడతారు నన్ను?"

"నీ మనుషుల్లో తిననివాడెవడూ లేడా?"

"ఒకడున్నాడు, ఈజిప్టువాడు. వాడు పంది పేరెత్తితేనే వాంతి చేసుకుంటాడు. ముట్టమంటే నన్నే పొడుస్తాడు."

మెలిన్నా చిక్కు అర్థమై నుదురు పట్టుకుంది. పందిని ముట్టినవాళ్లు లోపలికి పోకూడదు. లోపలికి పోగలిగినవాళ్లు పందిని ముట్టకూడదు. ఇన్నేళ్లూ ఆ నియమానికి ఇంత కంతుందని ఎవరికీ తట్టలేదు. పందికి మాత్రం తట్టింది.

కింద మలుపులో డోలీ కనిపించింది. గుడి వెనక ఇంట్లో పూజారి దగ్గు వినిపించింది. మధ్యాహ్నం నిద్ర లేచాడన్నమాట.

ఇంకో దారి లేదు. ఒకే ఒక్కసారి ముట్టి, ఇక గడప దాటకుండా ఉండాలి. కూతురి చెయ్యి పట్టుకుని కూర్చోవడం కుదరదు. అంతకుమించి ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

"ఆ గన్నేరు పొదల వెనక ఉండు. పిల్లల్ని నేను తెస్తా, తల్లిపంది వెంట వస్తుంది, పట్టుకో," అని లోపలికి పోయింది.

కాన్పు జరిగే రోజు గుళ్లో ముడి అన్నది ఉండకూడదు, ఉంటే కాన్పు బిగుసుకుపోతుందని నమ్మకం. మెలిన్నా తన జుట్టు ముడి విప్పింది, నడికట్టు విప్పింది, చెప్పుల తాళ్లు విప్పింది. పైబట్ట నేలమీద పరిచి, కళ్లు మూసుకుని, మొదటి పందిపిల్లను పట్టుకుంది. వెచ్చగా, జారుడుగా, కొట్టుకుంటున్న చిన్న గుండెతో ఉంది. పిడుగు పడలేదు. కళ్లు తెరిచింది. మిగతావాటిని గబగబా బట్టలో వేసుకుంది. మూట కట్టకూడదు కాబట్టి అంచులు చేత్తో పట్టుకుని ఒడిలో పొదువుకుంది. పిల్లల కీచులు వింటూ తల్లి తూలుతూ లేచి వెంటబడింది.

గన్నేరు పొదల వెనక ఒడి ఖాళీ చేసి, తిరిగి పోయి, గడప బయటినుంచే చీపురు చాచి గిట్టల గుర్తులు, కుండ పెంకులు ఊడ్చుకుంది. దూరంగా ఉన్న గడ్డి అందలేదు. పైన గడ్డి పొడిగానే కనిపిస్తోంది. చాలనుకుంది.

డోలీ దిగింది. నికాసో మొహం మైనంలా ఉంది. జుట్టు చెమటకు అతుక్కుపోయింది.

"అమ్మా..."

పూజారి ప్రాతోఫనేస్ తెల్లబట్ట సర్దుకుంటూ వచ్చాడు. "ఏమే మెలిన్నా, చూస్తావేం? కూతుర్ని లోపలికి తీసుకెళ్లు!"

"నేను రాకూడదు అయ్యగారూ."

"ఎందుకు రాకూడదు?"

లోపలికి రానందుకు ఆ గుళ్లో చెల్లే కారణం ఒక్కటే. మెలిన్నా అదే చెప్పింది. "పొద్దున రేవులో పందిమాంసం తిన్నాను. గడప మాత్రం దాటలేదు, ఒట్టు. బయటే కూర్చున్నాను."

జన్మలో పందిమాంసం రుచి ఎరగని మనిషి ఆమె. అల్లుడు నోరు తెరిచాడు. మంత్రసాని ముసలామెకు చెవుడు కాబట్టి ఏమీ వినలేదు. పూజారి మొహం ఎర్రబడి, నల్లబడి, మళ్లీ ఎర్రబడింది.

"నువ్వా? ఊరందర్నీ అడిగే నువ్వా? ఎలా ఉందేం, రుచిగా ఉందా?"

"ఉప్పెక్కువైంది," అంది మెలిన్నా.

"రేపటినుంచి ఈ కొండ ఎక్కకు! తల్లివై ఉండి... కూతురు చావుబతుకుల్లో ఉంటే నీకు సాసేజీ కావలసొచ్చిందా?"

నికాసో చెయ్యి చాచింది. మెలిన్నా ఆ చెయ్యి పట్టుకోలేదు. తన చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ రోజు ఆమె చేసిన పనుల్లోకల్లా కష్టమైంది అదే.

"అమ్మా, నువ్వు రావా?"

"లోపల ఆవిడుందిగా, నా తల్లీ. పేరు పెట్టి పిలువు."

"హెమిథేయా అనా?"

"అది పెద్దవాళ్లు పెట్టిన పేరు. అక్కచెల్లెళ్లు పిలుచుకున్న పేరుతో పిలువు. మోల్పాదియా అను."

"ఆ పేరు ఎత్తొద్దన్నానా!" పూజారి అరిచాడు. "ఆవిడిప్పుడు దేవత!"

"సగమే కదా అయ్యగారూ."

నికాసోను లోపలికి మోసుకుపోయారు. మగవాళ్లు నిద్రశాలలోకి పోకూడదు కాబట్టి మోసినవాళ్లు తిరిగొచ్చారు. లోపల మంత్రసాని మిగిలింది. పూజారి తెర ఇవతల నిలబడి మంత్రాలు అందుకున్నాడు. హాగేమోన్ గుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

మెలిన్నా గన్నేరు పొదల పక్కన కూలబడింది. రోజూ తను వెనక్కి పంపినవాళ్లు కూర్చుని ఏడ్చే చోటు అదే. అక్కణ్ణించి గడప చాలా ఎత్తుగా కనిపిస్తుందని ఆమెకు ఇవాళే తెలిసింది.

కోరాక్స్ ఒక అత్తిపండు చేతిలో పెట్టాడు. "తినక్కా. మొదటి కాన్పా?"

"మొదటిదే."

"మా పందికీ అంతే." నాలుక కరుచుకుని, "తప్పుగా అన్నానా?" అన్నాడు.

లోపల్నుంచి నికాసో అరుపులు వస్తున్నాయి, ఒక్కోటి ముందుదానికన్నా నీరసంగా. ఆ నీరసమే ఆమెను చంపేస్తోంది. మోకాళ్ల మీద తల పెట్టుకుంది. 'మోల్పాదియా, నేను నిద్రపోయాను. నువ్వూ నిద్రపోయావు. ఎలా ఉంటుందో నీకంటే ఎవరికి తెలుసు? నన్ను కొండమీంచి తోసెయ్యి. నా కూతుర్ని మాత్రం పట్టుకో.'

"అక్కా," అన్నాడు కోరాక్స్ మెల్లగా. తల్లిపంది పొట్ట దగ్గర చూపు. "ఇది లేచి లేచి గుడివైపు చూస్తోంది. అన్నీ తెచ్చావా?"

మెలిన్నా తన ఖాళీ ఒడివైపు చూసుకుంది. ముడి వెయ్యని బట్ట. జారుడు పిల్లలు. దట్టమైన గడ్డి.

అప్పుడే వినిపించింది. గుళ్లోంచి సన్నగా, గట్టిగా, కీచుమని ఒక గొంతు.

"పుట్టాడు!" పూజారి కేక కొండంతా మారుమోగింది. "మగబిడ్డ! ఏం గొంతు! హెమిథేయాకు జయం!"

హాగేమోన్ అక్కడే మోకాళ్ల మీద పడి నేలను ముద్దుపెట్టుకున్నాడు.

కోరాక్స్ టోపీ తీసి గుండెలకు అద్దుకున్నాడు. "అక్కా, చెప్పడానికి బాధగా ఉంది. ఆ గొంతు నాది. అంటే, నా సరుకుది."

"నోర్ముయ్."

ఇక అంతా అయిపోయిందనుకుంది మెలిన్నా. మంత్రసాని అరుస్తుంది, పూజారి తెర లాగుతాడు, నికాసోను బయటికి ఈడుస్తారు. లేచి నిలబడింది. ఏం చెయ్యడానికో తెలియదు.

ఎవరూ అరవలేదు. నికాసో మాత్రం కెవ్వుమంది. ఆ కేకలో నీరసం లేదు. భయం ఉంది, ఆశ్చర్యం ఉంది, మెలిన్నా చెవులు మోసం చెయ్యకపోతే నవ్వు కూడా ఉంది. దాని వెంటే ఇంకో ఏడుపు. బొంగురుగా, కోపంగా, ఆగి ఆగి. ఆ ఏడుపు ఎవరిదో చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు.

కోరాక్స్ మెలిన్నా భుజం తట్టాడు.

లోపల జరిగింది తరవాత నికాసో చెప్పింది. గడ్డిలోంచి తడి ముక్కు ఒకటి వచ్చి అరికాలు నాకిందట. నవ్వో భయమో, ఒళ్లంతా ఒక్కసారి బిగిసి, బిడ్డ దారికొచ్చి బయటపడిందట. మంత్రసాని పందిపిల్లను చూసి, పూజారి నీడ పడిన తెరను చూసి, ఏమీ మాట్లాడకుండా దాన్ని పాతబట్టలో చుట్టిందట. ఆ వయసులో ఆమె ఇంతకన్నా విచిత్రాలు చూసే ఉంటుంది.

పొద్దు వాలుతుండగా డోలీ బయటికి వచ్చింది. నికాసో రొమ్ము మీద ఒక మూట. మంత్రసాని చంకలో ఇంకో మూట.

పూజారి మొదటిది విప్పి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "ఆడపిల్ల కదూ ఇది? మరి నేను విన్న మొదటి గొంతు?"

మంత్రసాని చంకలో మూట కదిలింది.

"అందులో ఏముంది?"

మంత్రసానికి చెవుడైనా కొన్ని ప్రశ్నలు బాగానే వినిపిస్తాయి. మూట ఆయన మొహానికేసి చాచింది. "పురిటి మైలబట్టలు అయ్యగారూ. చూస్తారా?"

పూజారి గెంతి వెనక్కి పోయాడు. పందితో సమానంగా ఆయన భయపడేది అదొక్కటే.

"ఇలా ఇవ్వమ్మా, నేను ఉతికి తెస్తా," అంటూ కోరాక్స్ పొదల్లోంచి వచ్చాడు. చెవికి రింగు, నడుముకు కత్తి ఉన్న మనిషి పురిటిబట్టలు ఉతుకుతాననడం ఆ తీరంలో అంతకుముందు ఎవరూ వినలేదు. మూటను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, దించిన తల ఎత్తకుండా పొదల వెనకున్న పంది దగ్గరికి వెళ్లిపోయాడు.

"ఎవడతను?" అన్నాడు పూజారి.

"భక్తుడు," అంది మెలిన్నా.

అప్పటికి పూజారి మొహంలో వెలుగొచ్చింది. మొదటి గొంతు ఎవరిదో ఆయనకు తట్టింది. ఇంకెవరిది? బిడ్డ రావడానికి ముందు, పిలిస్తే పలికినట్టు, లోపల్నుంచి పలికింది ఎవరు? ఆ నెలలోనే రాయి చెక్కించి గడప పక్కన నిలబెట్టాడు: హాగేమోన్ భార్య కాన్పుకు హెమిథేయా స్వయంగా గొంతెత్తి పలికింది, పూజారి ప్రాతోఫనేస్ చెవులారా విన్నాడు. దేవత గొంతు ఎలా ఉందని అడిగినవాళ్లకు, "వర్ణించలేం, చాలా సన్నగా ఉంటుంది," అని చెప్పేవాడు.

పదోరోజు పేరు పెట్టే విందులో బిడ్డ పేరు మోల్పాదియా అన్నాడు హాగేమోన్. హాగేమోన్ వాళ్లమ్మ పేరు పెట్టాలి నిజానికి. ఆవిడ అలిగింది. పూజారి అంతకన్నా అలిగి తేనెరొట్టె తినకుండా లేచిపోయాడు. తలుపు దగ్గర ఆగి, వెనక్కొచ్చి రొట్టె చేతిలో పట్టుకుపోయాడు.

రాయి సంగతి పాకి జనం పెరిగారు. గడప దగ్గర ప్రశ్న అడిగే మనిషి మాత్రం దొరకలేదు. పొద్దస్తమానం ఎండలో కూర్చుని, వెనక్కి పంపినవాళ్లచేత తిట్లు తినే ఉద్యోగం ఎవరికి కావాలి? చివరికి పూజారే మెలిన్నా ఇంటికి వచ్చాడు.

"నువ్వు కూర్చునేది గడప బయటే కదా. బయట కూర్చోవడానికి మైల ఏముంది?" అన్నాడు, అది తను అప్పుడే కనిపెట్టిన శాస్త్రమైనట్టు. "లోపలికి మాత్రం రాకు."

"రాను అయ్యగారూ."

అలా మళ్లీ ఆ రాతి అరుగు మీదికి చేరింది మెలిన్నా. లోపల ఊడవడానికి వేరే మనిషి. ఎప్పుడైనా గాలికి తెర లేస్తే నిద్రశాలలో గడ్డి కనిపిస్తుంది. అంతవరకే.

ద్రాక్ష కోతలప్పుడు, ఒక మధ్యాహ్నం, రేవునుంచి డోలీ ఒకటి పైకి వచ్చింది. ముందు నడుస్తున్న మనిషి దగ్గర వేపుడు వాసన. సాసేజీలు అమ్మేవాళ్లలో ఇంకొకడు. డోలీలో పిల్ల నొప్పులకు పళ్లు బిగించుకుని ఉంది. అతను గడపకు దూరంగా ఆగి, ఏం అడుగుతారో తెలిసినవాడిలా తల దించుకున్నాడు.

పూజారి ఇంట్లోంచి గురక వినిపిస్తోంది.

మెలిన్నా లేచి డోలీ దగ్గరికి వెళ్లి ఆ పిల్ల నడికట్టు ముడి విప్పింది.

"నీ పేరేంటమ్మా?" అంది.